వేలితో చూపించగలిగే నొప్పి

నా నొప్పి బొడ్డుకి కుడివైపు, కాస్త కిందగా ఉండేది. ఎక్కడని అడిగితే వెతుక్కోకుండా వేలు పెట్టి చూపించేదాన్ని. అంత కచ్చితంగా చూపించగలిగినా, అదేమిటో తేలడానికి రెండేళ్లు దాటింది.

మొదట్లో వచ్చి పోయేది. పనిలో పడితే మర్చిపోయేదాన్ని కూడా. పోనుపోనూ రోజూ ఉండడం మొదలైంది. ఎప్పుడూ ఉండే సలుపు ఒకటి, దాని మీద ఉన్నట్టుండి వచ్చే పోటు ఇంకొకటి. మంచం మీద పక్కకి తిరిగితే పోటు. తుమ్మితే పోటు. నడుం దగ్గర బట్ట బిగుతుగా ఉంటే సాయంత్రానికి అక్కడ చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. విచిత్రమేమిటంటే, తిన్నా తినకపోయినా నొప్పిలో తేడా ఉండేది కాదు. ఈ ముక్క మొదటి రోజు నుంచీ చెబుతూనే ఉన్నాను, కానీ ఎవరి చెవినా పడలేదు.

మొదట చూసిన డాక్టరు గ్యాస్ అన్నారు. కడుపులో యాసిడ్ తగ్గించే మాత్రలు రాసి, పరగడుపున వేసుకోమన్నారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. కడుపు నొప్పని వచ్చేవాళ్లలో చాలామందికి ఆ మాత్రలతోనే సర్దుకుంటుంది. నాకు మాత్రం కోర్సు అయిపోయినా నొప్పి ఉన్నచోటే ఉంది. మాత్ర మార్చారు. డోసు పెంచారు. ఆ తర్వాత స్కానింగ్ రాశారు.

అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో పిత్తాశయంలో రాళ్లు, కిడ్నీలో రాళ్లు, గర్భాశయం, అండాశయాల్లో గడ్డలు లాంటివి బాగానే తెలుస్తాయి. పేగుల్లో గాలి ఉంటుంది కాబట్టి వాటి వెనక ఉన్నవి అంత బాగా కనపడవు. నా రిపోర్టులో రాళ్లేమీ లేవు. కాలేయంలో మాత్రం చిన్న హీమాంజియోమా ఉందని రాశారు. రక్తనాళాలు ముద్దగా చేరిన గడ్డ అన్నమాట, క్యాన్సర్ కాదు. చాలామందికి ఉంటుంది, ఉన్నట్టు కూడా తెలియకుండానే జీవితం గడిచిపోతుంది. ఈ సంగతి డాక్టరు నోటి నుంచి వినేసరికి మధ్యలో ఒక రాత్రి గడిచింది. ఆ రాత్రి నేనూ మా ఆయనా నిద్రపోతే ఒట్టు. నొప్పికి కారణం వెతుకుతూ పోతే నొప్పితో సంబంధం లేనివి ఇలా బయటపడుతూనే ఉంటాయి. వాటిని పక్కన పెట్టడానికి మళ్లీ ఇంకో పరీక్ష.

తర్వాత గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి పంపారు. ఆయన ఎండోస్కోపీ చేశారు. గొంతులో మత్తు స్ప్రే కొట్టి, పళ్ల మధ్య ప్లాస్టిక్ కడియంలాంటిది పెట్టి, ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నారు. గొట్టం గొంతు దాటేటప్పుడు వచ్చే డోకే కష్టం, ఆ తర్వాత అంత బాధేమీ ఉండదు. స్క్రీన్ మీద గులాబీ రంగు గోడలు కనిపించాయి. కొద్దిగా ఎరుపు ఉందని, గ్యాస్ట్రైటిస్, అంటే కడుపు లోపలి పొర వాపు అని రాశారు. ఆ మాట ఎండోస్కోపీ రిపోర్టుల్లో ఎంత తరచుగా కనిపిస్తుందో తర్వాత వెయిటింగ్ హాల్లో పక్కవాళ్లతో మాట్లాడితే అర్థమైంది. హెలికోబ్యాక్టర్ పైలోరీ ఉందేమోనని చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. కడుపులో పుండ్లకి ఈ బ్యాక్టీరియా కారణమని రుజువు చెయ్యడానికి బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో దాన్ని తనే తాగేశాడు. తన సహచరుడు రాబిన్ వారెన్‌తో కలిపి 2005లో ఆయనకి నోబెల్ వచ్చింది. నాకైతే ఆ బ్యాక్టీరియా కూడా లేదని వచ్చింది. ఉందని వస్తే బాగుండునని మనసులో అనుకున్నాను. పేరున్న జబ్బైతే మందు ఉంటుంది కదా.

అక్కణ్ణుంచి పరీక్షల వరస. రక్తంలో వాపు చూసే సీఆర్‌పీ, లివర్ పరీక్షలు, క్లోమానికి లైపేజ్, గోధుమలోని గ్లూటెన్ పేగులకి పడని సీలియాక్ జబ్బుందేమోనని ఇంకో రక్తపరీక్ష. ఈ చివరిదాని గురించి ఒక మాట: గోధుమ మానేసి ఈ పరీక్షకి వెళ్తే జబ్బున్నా లేనట్టు వచ్చే అవకాశం ఉంది. కడుపు నొప్పి అనగానే ముందు గోధుమ మానేసేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అని ఒకటి చూశారు. పేగుల్లో వాపు ఉంటే అది పెరుగుతుంది. గ్రాముకి 50 మైక్రోగ్రాముల లోపు ఉంటే సాధారణంగా నార్మల్ అంటారు. నాది బాగా లోపలే ఉంది. సీటీ స్కాన్ చేశారు, అపెండిక్స్ చక్కగా ఉందన్నారు. గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ సంగతి రాయడానికేమీ లేదు. పరీక్ష మత్తులో జరిగిపోతుంది, ముందు రోజు రాత్రి పేగులు ఖాళీ చేసే మందునీళ్లు తాగి బాత్రూమ్ చుట్టూ తిరగడమే అసలు పరీక్ష.

అన్నీ నార్మల్.

మొదటి నార్మల్‌కి ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. మూడో నాలుగో నార్మల్ వచ్చేసరికి వ్యవహారం మారింది. మా అక్క ఫోన్ చేసి, "అన్నీ బాగున్నాయిగా, ఇంక దాని గురించి ఆలోచించకే" అంది. ప్రేమతోనే అంది. కానీ నేను దాని గురించి ఆలోచించడం లేదు, అదే నన్ను వదలడం లేదు. ఆఫీసులో సెలవు అడిగినప్పుడు "ఏమని తేలింది?" అనేవారు. ఏమీ తేలలేదని చెబితే వాళ్ల ముఖంలో వచ్చే మార్పు నొప్పికంటే ఎక్కువ బాధపెట్టేది. జ్వరమైతే థర్మామీటర్ సాక్ష్యం చెబుతుంది. నా నొప్పికి నేనొక్కదాన్నే సాక్షిని.

తర్వాత ఐబీఎస్ అన్నారు. పేగుల్లో పుండు, వాపు ఏమీ లేకుండానే వాటి కదలికలో, వాటికీ మెదడుకీ మధ్య సమాచారంలో తేడా వల్ల వచ్చే నొప్పి అది. నిజమైన జబ్బే, చాలామందికి ఉండేదే. దాన్ని గుర్తించడానికి 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాలున్నాయి. గత 3 నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా నొప్పి ఉండాలి. దాంతోపాటు మూడింటిలో రెండు ఉండాలి: విరేచనంతో నొప్పికి సంబంధం, ఎన్నిసార్లు వెళ్తున్నామన్నదాంట్లో మార్పు, మలం తీరులో మార్పు. మొదటిది నాకు దండిగా ఉంది. మిగతా మూడూ లేవు. విరేచనం గడియారం పెట్టినట్టు అయ్యేది. డాక్టరు గారికి అదే చెప్పాను. "అందరికీ పుస్తకంలో ఉన్నట్టే ఉండాలని లేదమ్మా" అన్నారు. అదీ నిజమే. కానీ ఏదీ తేలనప్పుడు పెట్టే పేరు లాగా అనిపించింది నాకు. పేగుల బిగింపు తగ్గించే మాత్రలు వాడాను. ఉపయోగం లేదు.

ఇంకొకాయన ఫైలంతా తిరగేసి, మూసి, "టెన్షన్లేమైనా ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయన్నాను. టెన్షన్లు లేనివాళ్లెవరు? పైగా అన్నేసి నెలలు నొప్పితో తిరిగితే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? ఆందోళన వల్ల కడుపు నొప్పి రావడం, ఉన్న నొప్పి పెరగడం రెండూ జరుగుతాయి, ఆ మాట కొట్టిపారేయను. నాకు కోపం తెప్పించింది వేరే. ఆయన నా పొట్ట మీద చెయ్యి కూడా వెయ్యలేదు. కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశారు. రాత్రి వేసుకోమని తక్కువ డోసులో ఎమిట్రిప్టిలిన్ రాశారు. అది డిప్రెషన్ మాత్ర అని తెలిసి వేసుకోకూడదనుకున్నాను, మా ఆయన బతిమాలితే వేసుకున్నాను. తమాషా ఏమిటంటే కొంచెం గుణం కనిపించింది. "చూశారా, టెన్షనే" అన్నారాయన. అదే మందు అదే తక్కువ డోసులో నరాల నొప్పులకి కూడా వాడతారని నాకు చాలాకాలం తర్వాత గానీ తెలియలేదు.

గైనకాలజిస్టు దగ్గరికి కూడా వెళ్లాను. నిజానికి చాలా ముందే పంపాల్సింది. ఆవిడ ఎండోమెట్రియోసిస్ గురించి చెప్పారు. గర్భాశయం లోపలి పొర లాంటి కణజాలం బయట ఇతర చోట్ల పెరగడం అది. మామూలు స్కానింగ్ నార్మల్ అని వచ్చినంత మాత్రాన లేదని చెప్పలేరట. నెలసరికి ముందు, ఆ రోజుల్లో నొప్పి పెరుగుతుందా అని రెండు మూడు రకాలుగా అడిగారు. పెరగదన్నాను. "అయితే అంత అనుమానం లేదు కానీ, లాపరోస్కోపీ చేసి చూస్తే అదీ తేలిపోతుంది, ఒక సర్జన్‌ని కలవండి" అన్నారు. పొట్టకి చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో లోపల చూడడం. ఆపరేషన్ అంటే భయమే అయినా, ఆ రోజు ఇంటికొస్తూ సంతోషించాను. ఎవరో ఒకరు లోపలికెళ్లి చూస్తారు కదా అని.

సర్జన్ అపాయింట్‌మెంట్‌కి ముందు కొన్ని వారాలు ఒక పని చేశాను. రోజూ పడుకునే ముందు ఒక పుస్తకంలో నొప్పి గురించి రాసుకున్నాను. ఎంతుంది అని పదికి మార్కులు వెయ్యడం కాదు, ఏం చేస్తుంటే వచ్చింది, ఏం చేస్తే తగ్గింది అని. మార్కుల వల్ల నాకు ఒరిగిందేమీ లేదు, ప్రతి రోజూ అయిదో ఆరో అని రాయడమే అయ్యేది. ఏం చేస్తుంటే అన్న వరసలో మాత్రం కొన్ని పనులే మళ్లీ మళ్లీ వచ్చాయి. పడుకున్నదాన్ని చేతులానించకుండా లేవడం. బకెట్ ఎత్తడం. దగ్గు. కారులోంచి దిగడం. చాలాసేపు కూర్చోవడం. వెల్లకిలా, మోకాళ్లు కొంచెం మడిచి పడుకుంటే తగ్గేది. తిండి గురించి, బాత్రూమ్ గురించి ఒక్క ముక్క కూడా రాయాల్సి రాలేదు.

ఆ సర్జన్ పెద్దవయసాయన. నా ఫైలు చేతికిస్తే పక్కన పెట్టి, "ఇది తర్వాత చూస్తాను. నొప్పి ఎక్కడమ్మా? ఒక్క వేలితో చూపించు" అన్నారు. చూపించాను. "అరచేత్తో కాకుండా వేలితోనే చూపించగలుగుతున్నావా, ఎప్పుడూ అక్కడేనా?" అని మళ్లీ అడిగారు. ఎప్పుడూ అక్కడే అన్నాను. పుస్తకంలో రాసుకున్న పేజీ ఇచ్చాను. చదివి, బల్లెక్కి పడుకోమన్నారు.

నేను చూపించిన చోటే వేలితో నొక్కారు. ప్రాణం జివ్వుమంది. వేలు తియ్యకుండా, "రెండు చేతులూ గుండెల మీద కట్టుకుని, తలా భుజాలూ పైకి లేపమ్మా" అన్నారు. లేపాను. పొట్ట కండరం బిగుసుకుంది. నొప్పి తగ్గకపోగా కళ్లలో నీళ్లు తిరిగేంత పెరిగింది. "పెరిగిందా, తగ్గిందా?" "పెరిగింది సార్." "సరే, పడుకో." తర్వాత అక్కడి చర్మాన్ని రెండు వేళ్ల మధ్య పట్టి కొద్దిగా గిల్లినట్టు లాగారు. ఎడమవైపు అదే చోట లాగారు. ఎడమవైపు ఏమీ లేదు. కుడివైపు ఊరికే పట్టుకుంటేనే మండింది. స్పిరిట్ దూది రెండు వైపులా రాసి, చల్లదనం ఒకేలా ఉందా అన్నారు. లేదు. కుడివైపు ఒక రూపాయి బిళ్లంత మేర చల్లదనం సరిగా తెలియడం లేదు. అది నా ఒళ్లే అయినా ఆ సంగతి అప్పటిదాకా నాకు తెలియదు.

ఇదంతా అయ్యాకే ఫైలు తెరిచారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. పొట్ట లోపలి అవయవాల నుంచి వచ్చే నొప్పి సాధారణంగా మసకగా, మధ్యలో ఎక్కడో ఉన్నట్టు తెలుస్తుంది. ఇక్కడే అని వేలు పెట్టడం కష్టం. చర్మానికీ కండరానికీ వెళ్లే నరాలు అలా కాదు, చోటు కచ్చితంగా చెబుతాయి. కండరం బిగించినప్పుడు అది లోపలి అవయవాలకి అడ్డుగోడలా నిలబడుతుంది కాబట్టి, నొప్పి లోపలిదైతే వేలి నొక్కుడు అక్కడిదాకా వెళ్లక తగ్గాలి. పెరిగిందంటే నొప్పి ఆ గోడలోనే ఉంది. దీన్ని కార్నెట్ పరీక్ష అంటారట, జాన్ కార్నెట్ అనే అమెరికన్ సర్జన్ 1926లో రాశారు. వందేళ్ల నాటి పరీక్ష. మిషను అక్కర్లేదు, నిమిషం కూడా పట్టదు.

నాకున్న దాని పేరు యాంటీరియర్ క్యుటేనియస్ నర్వ్ ఎంట్రాప్‌మెంట్ సిండ్రోమ్. పొడుగు పేరు, డాక్టర్లు ఆక్నెస్ అంటారు. వీపు దగ్గర వెన్నులోంచి బయల్దేరిన నరాలు పక్కటెముకల వరసలో పొట్ట కండరాల పొరల మధ్యగా ముందుకొస్తాయి. ఛాతీ వెన్నుపూసల్లో 7 నుంచి 12 వరకు ఉన్నవి పొట్ట గోడకి వస్తాయి. బొడ్డుకి అటూ ఇటూ నిలువుగా ఉండే కండరం దగ్గర ఇవి దాదాపు లంబకోణంలో మలుపు తిరిగి, ఒక ఇరుకు సందులోంచి చర్మం వైపు బయటికొస్తాయి. ఆ సందులో నరం ఒత్తుకుంటే వచ్చేదే ఈ నొప్పి. అందుకే పక్కకి తిరిగితే, లేస్తే, దగ్గితే పోటు. అందుకే స్కానింగుల్లో, గొట్టాల పరీక్షల్లో ఏమీ లేదు. అవన్నీ గోడకి అవతల వెతికాయి.

"ఇదే అని ఇప్పుడే రాసెయ్యను. అక్కడ మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూద్దాం. నొప్పి పోతే మన అనుమానం నిజమైనట్టు" అన్నారు. కార్నెట్ పరీక్ష ఒక్కటే ఆధారం కాదని, పొట్ట గోడలో చిన్న హెర్నియా ఉన్నా అలాగే ఉండొచ్చని, కొన్నిసార్లు లోపలి వాపు గోడకి తాకినా నొప్పి పెరగొచ్చని కూడా చెప్పారు. హెర్నియా లేదని నిలబెట్టి దగ్గించి చూశారు, స్కానింగ్‌తో కూడా చూశారు.

ఇంజెక్షన్ వేరే రోజు ఇచ్చారు. స్కానింగ్ ప్రోబ్ పొట్ట మీద పెట్టి, స్క్రీన్ మీద సూది మొన ఎక్కడుందో చూసుకుంటూ లిగ్నోకైన్ ఎక్కించారు. సూది ఆ చోటికి చేరగానే నా నొప్పి, ఇన్నాళ్లూ నాకు తెలిసిన ఆ నొప్పే, ఒక్కసారిగా లేచింది. "ఇదేనా?" అన్నారు. ఇదేనన్నాను. కొన్ని నిమిషాలాగి లేచి కూర్చోమన్నారు. అలవాటుగా చేతులు వెనక్కి ఆనించబోతే, "చేతుల్లేకుండా" అన్నారు. లేచాను. పోటు రాలేదు. మళ్లీ పడుకుని మళ్లీ లేచాను. దగ్గాను. నర్సమ్మ నవ్వింది, "చాలమ్మా, సూది వేసిన చోటు కదా" అని. నేను నవ్వబోయి ఏడ్చాను. నొప్పి తగ్గినందుక్కాదు, నొప్పి ఉండేదని ఇప్పుడు నాతోపాటు ఇంకొకరికి తెలిసినందుకు.

ఆ సాయంత్రానికి మత్తు దిగి నొప్పి తిరిగొచ్చింది. అలా వస్తుందని ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. తర్వాతి ఇంజెక్షన్లలో స్టెరాయిడ్ కూడా కలిపారు. ఒకదానికి వారాల తరబడి సుఖంగా ఉన్నాను, ఇంకోదానికి అంతగా పని చెయ్యలేదు. అందరికీ ఇంజెక్షన్లతో పోదు, కొందరికి ఆ నరం కొసని కత్తిరించే ఆపరేషన్ చేస్తారు. ఆ తర్వాత అక్కడ కొంచెం మేర తిమ్మిరి ఉండిపోవచ్చు.

ఎమిట్రిప్టిలిన్ రాసిన ఆయన మీద ఇప్పుడు కోపం లేదు అని రాస్తే అబద్ధం. గ్యాస్ట్రో డాక్టర్ మీద మాత్రం నిజంగానే లేదు. ఆయన చేసిన పరీక్షలు దండగ అని కొందరు అంటుంటే నాకు నచ్చదు. బరువు తగ్గిపోతున్నా, మలంలో రక్తం పడుతున్నా, రక్తహీనత ఉన్నా, జ్వరం వస్తున్నా, నొప్పి నిద్రలోంచి లేపుతున్నా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా ముందు లోపలే చూడాలి. అలాంటి నొప్పిని పొట్ట గోడదే అనుకుని ఊరుకుంటే ప్రమాదం. నా గొడవల్లా వరస గురించే. ఒక నిమిషం వేలు పెట్టి నొక్కడం మొదట జరగాలి, సీటీ స్కాన్ తర్వాత జరగాలి. నా విషయంలో అన్నీ అయిపోయాక వేలు వచ్చింది.

ఇలా రిపోర్టులన్నీ నార్మల్ వచ్చి నొప్పి మాత్రం ఒకేచోట ఉన్నవాళ్లు ఇంట్లో ఒకసారి పడుకుని, ఆ చోట వేలితో నొక్కిపట్టి తల లేపి చూడొచ్చు. పెరిగితే ఆ మాట డాక్టరుకి చెప్పండి, జబ్బు పేరు మీరు చెప్పకండి. పేరు చెబితే ఎక్కడ చదివావని అడుగుతారు. తల లేపితే నొప్పి పెరుగుతోంది సార్ అంటే మాత్రం బల్లెక్కమంటారు.

లాపరోస్కోపీ వద్దన్నారు సర్జన్ గారు, గైనకాలజిస్టు కూడా సరేనన్నారు. యాసిడ్ మాత్రలు ఆపేశాను. పోటు ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, ఎక్కువగా బరువెత్తిన రోజు. నరం కత్తిరించే ఆపరేషన్ గురించి పోయినసారి అడిగితే, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి ఎన్నాళ్లు ఆగుతుందో చూసి చెబుతానన్నారు. వచ్చే నెల రమ్మన్నారు.